లీలావతి మరిచిపోయిందా?

ప్రహ్లాదుడి తండ్రి ఎవరని అడిగితే మూడేళ్ళ పిల్లవాడు కూడా హిరణ్యకశిపుడని చెబుతాడు. నోరు తిరక్కపోతే గద ఎత్తినట్టు చెయ్యెత్తి చూపిస్తాడు. తల్లి ఎవరని అడిగి చూడండి. పెద్దవాళ్ళు కూడా కాసేపు తడుముకుంటారు. సినిమా బాగా గుర్తున్నవాళ్ళయితే "అంజలీదేవి" అంటారు. పాత్ర పేరడిగితే తార పేరు చెప్పడం మనకు మామూలే గానీ, ఈ ఒక్కచోట నాకు మనసు చివుక్కుమంటుంది. కన్నది ఆమె, పెంచింది ఆమె, పేరు మాత్రం ఎవరికీ పట్టలేదు.

సంస్కృత భాగవతంలో ఆమె కయాధువు. మన నాటకాల్లో, సినిమాల్లో లీలావతి. నాకు ఈ రెండో పేరే చిన్నప్పటినుంచీ అలవాటు, అంచేత అలాగే పిలుస్తాను.

ఇంతకీ ఆవిడ ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మనవణ్ణి స్వామికి చూపించడానికి అహోబిలం వెళ్ళాం. నేను, మా అక్క, మా అమ్మాయి, ఒళ్ళో అయిదు నెలల వాడు. అల్లుడు కారు తోలాడు. మా పుట్టిల్లు ఆళ్ళగడ్డ పక్కన పల్లె. 2022 నుంచి అదంతా నంద్యాల జిల్లా అయింది గానీ నా నోటికి ఇప్పటికీ కర్నూలు జిల్లా అనే వస్తుంది. ఎగువ అహోబిలం దాకా కారు పోతుంది. అక్కణ్ణుంచి జ్వాలా నరసింహుడనీ, ఉగ్రస్తంభమనీ, ప్రహ్లాద బడి అనీ కొండల్లో, వాగు వెంట, రాళ్ళ మీద నడవాలి. చంటిబిడ్డతో అయ్యే పని కాదు. అల్లుణ్ణి ఒక్కణ్ణే పొమ్మని మేం ముగ్గురం దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడి మండపంలో కొంగులు పరుచుకుని కూర్చున్నాం.

అక్క ప్రసాదం పొట్లం విప్పుతోంది. మా అమ్మాయి బిడ్డ వంక చూస్తూ ఉన్నట్టుండి అంది: "మా, వీణ్ణి పుట్టిన రోజు నా పక్కలో పెట్టినప్పుడు నాకేమీ అనిపించలేదు మా. ఎవరి బిడ్డనో తెచ్చి పెట్టినట్లుండె. పది దినాలు అట్లనే ఉండె. ఇప్పుడు లేదులే. కానీ తలుచుకుంటే భయమైతాంది. నేను రాక్షసినా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అదేం మాటే! నిన్ను నా చేతికిచ్చినప్పుడు నేను ఏడ్చేసినాను" అన్నాను. అది తల దించుకుంది. అక్క నా వైపు ఒక చూపు చూసి ఊరుకుంది. ఆ చూపు సంగతి తర్వాత చెబుతాను.

రాక్షసి అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎదురుగా గర్భగుడిలో ఉన్న స్వామి పేరే ఒక రాక్షసుడి కొడుకుని బట్టి వచ్చింది. ఆ కొడుకుని కన్న ఆవిడా ఆ వంశపు ఇల్లాలే. తల్లితనం నెత్తుటిలో ఉంటుందా, నేర్చుకుంటే వస్తుందా అన్న ప్రశ్న మా అమ్మాయిది ఒక్కదానిదే కాదు, భాగవతం సప్తమ స్కంధమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇన్నేళ్ళు పురాణం వింటూ నేను గమనించుకోలేదు.

చూడండి. హిరణ్యకశిపుడు తపస్సుకు మందర పర్వతానికి పోయినప్పుడు ఇంద్రుడు వచ్చి కడుపుతో ఉన్న లీలావతిని ఎత్తుకుపోతాడు. దారిలో నారదుడు అడ్డం పడతాడు. ఇంద్రుడి వాదన ఏమిటి? దీని కడుపులో ఉన్నది అసుర బీజం, కనేదాకా ఉంచి, పుట్టగానే చంపి, దీన్ని వదిలేస్తాను అంటాడు. అంటే ఇంద్రుడు పూర్తిగా రక్తం పక్షం. నారదుడు, లోపల ఉన్నవాడు మహాభక్తుడు, నీవల్ల కాదు అని ఆమెను విడిపించి తన ఆశ్రమానికి తీసుకుపోతాడు. అక్కడ ఆమెకు చేసిన ఉపదేశమే కడుపులో బిడ్డ విన్నాడు. నారదుడు చదువు పక్షం అన్నమాట.

ఇక్కడొక చిన్న సంగతి. వెళ్ళబోయే ముందు ఇంద్రుడు లీలావతికి ప్రదక్షిణం చేస్తాడు. ఎంత మర్యాద అనుకున్నాను మొదటిసారి. చేసింది ఆమెకు కాదు, లోపలున్న వాడికి! గుడికి ప్రదక్షిణం చేసినట్టు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చినదాన్ని క్షమించమని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు ఆ మహానుభావుడికి.

తరువాత బడి ఘట్టం. కొడుకు హరి పేరు ఎత్తగానే తండ్రి మండిపడి, ఇది నువ్వే నేర్పావా అని గురువు మీదికి లేస్తాడు. గురువుగారు గజగజ వణికి, నేను నేర్పలేదు మహారాజా, ఇంకెవరూ నేర్పలేదు, వీడికిది పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటాడు. పాపం, ఉద్యోగం కాపాడుకోవాలి గదా. పిల్లవాడు చెడితే "పుట్టుబుద్ధి" అనీ, బాగుపడితే "మా బడి" అనీ చెప్పే అయ్యవార్లు ఆనాటినుంచీ ఉన్నారు కాబోలు.

మరి ప్రహ్లాదుడేమన్నాడు? తోటి పిల్లలకు తన కథ చెబుతూ, నేను కడుపులో విన్నది నాకు గుర్తుంది, మా అమ్మ మాత్రం మరిచిపోయింది అంటాడు. ఎందుకు మరిచిపోయిందో రెండు కారణాలు చెబుతాడు. ఒకటి, చాలా కాలం గడిచిపోవడం. రెండోది, ఆడది కావడం.

నేను ఈ కావ్యం మీద చెయ్యెత్తి దణ్ణం పెట్టేదాన్నే. అయినా ఈ రెండో కారణం దగ్గర ఆగి పోట్లాడక తప్పదు. ఉపదేశం మొదట చేరింది ఎవరి చెవికి? ఎవరి ఊపిరి, ఎవరి నెత్తురు, ఎవరి గుండె చప్పుడు దాటుకుని అది బిడ్డకు చేరింది? ఆవిడ ఒళ్ళే బడి. ఆశ్రమంలో ఆవిడ ఊరికే పడి ఉండలేదు. మునికి భక్తితో సేవ చేసింది. కడుపులో బిడ్డ క్షేమం కోరింది. తాను అనుకున్నప్పుడే పురుడు రావాలని, అంటే మొగుడు తిరిగొచ్చి దిక్కు అయ్యాకే కనాలని కోరుకుంది. ఇంత ముందుచూపు ఉన్న మనిషి మతిమరుపుది ఎలా అవుతుంది? మొగుడు తిరిగొచ్చాక ఏ ఇంటికి పోయింది? హరి పేరు వినపడితే తలలు తెగే ఇంటికి. అక్కడ గుర్తుంచుకుని కొడుకుని బతికించుకోవడం సాధ్యమా? ఆవిడ మరిచిపోయిందని కొడుకు అనుకున్నాడు. మరిచిపోయినట్టు ఉండటం వేరే విద్య. మనలో చాలామందికి అది తెలుసు.

అన్నిటికంటే ఆశ్చర్యం, ఏనుగుల చేత తొక్కించినప్పుడు, పాములు కరిచినప్పుడు, విషం పెట్టినప్పుడు, కొండమీంచి తోసినప్పుడు భాగవతంలో ఆ తల్లి ఎక్కడా కనపడదు. ఒక్క మాట లేదు, ఒక్క కన్నీటిచుక్క లేదు. బిడ్డ కడుపులో ఉన్నంతకాలమే ఆవిడ అవసరం కథకి.

ఈ ఖాళీని పూరించింది నాటకాలవాళ్ళు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటకాలలో అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరూ రంగం మీదే బతికారు. ఆ కుటుంబాలలో పుట్టిన సురభి కమలాబాయి, 1932లో హెచ్. ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. అంటే తెలుగు తెరమీద మొట్టమొదట నోరు విప్పి మాట్లాడిన తల్లి లీలావతేనన్నమాట! ఈ కమలాబాయిని ఆమె తల్లి దమయంతి వేషంలో ఉండి, నాటకం జరుగుతుండగానే ప్రసవించిందని చెప్పుకుంటారు. ఆ సినిమా ఇప్పుడు చూద్దామంటే దొరకదు. దొరికి ఉంటే, నాటకాలవాళ్ళ చేతుల్లో నలుగురి ఒళ్ళో పెరిగిన ఆవిడ తల్లి వేషం ఎలా కట్టిందో చూడాలని నాకెంత ఆశో చెప్పలేను.

1967లో ఏవీఎం వారి 'భక్త ప్రహ్లాద' మనందరం చూసిందే. ఆడపిల్ల రోజారమణి ప్రహ్లాదుడు. ఎస్. వి. రంగారావు తెర నిండా నిండిపోతే, పక్కన అంజలీదేవికి మిగిలింది కన్నీళ్ళు. అంతకు నాలుగేళ్ళ ముందే 'లవకుశ'లో సీతగా ఆశ్రమంలో పిల్లల్ని కని పెంచిన ఆవిడే గదా, ఎంతైనా చెయ్యగలదు. కానీ మన సినిమాల్లో తల్లికి దొరికే మాటలు నాలుగే: కన్నపేగు, కన్నకడుపు, పాలు, ప్రాణం. పేగు ఉంది కాబట్టి ఏడుస్తుంది, ఏడుస్తుంది కాబట్టి తల్లి. పురాణం ఆవిణ్ణి మరిచిపోయింది, సినిమా ఆవిణ్ణి పేగు ఒక్కటి చేసి వదిలిపెట్టింది. ఏది మేలో నేను చెప్పలేను.

వీటన్నిటికంటే మంచి లీలావతిని నేను మా ఊళ్ళో చూశాను. సంక్రాంతి పోయాక అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరి చుట్టుపట్ల పల్లెలన్నీ తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్ళికి జనాన్ని తానే వచ్చి పిలుచుకుంటాడని మా నమ్మకం. పల్లకి మా ఊరికి వచ్చినప్పుడు నాటకం ఉండేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు లీలావతి వేషం కట్టింది ఒక శెనక్కాయల రైతు. పెళ్ళి కూడా కాలేదు ఆయనకు. మీసం తీసేసి, ఎవరిదో పట్టుచీర అడిగి కట్టుకున్నాడు. పద్యం శ్రుతి తప్పింది. అయితేనేం, విషం గిన్నె పట్టుకుని కొడుకు దగ్గరికొచ్చి, నోటి దాకా తెచ్చి, వెనక్కి తీసుకుని, కొంగుతో ముందు వాడి మూతి తుడిచాడు.

విషం పెట్టబోతూ మూతి తుడవడమేమిటి? ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మా అవ్వ "కన్నదాని మాదిరే చేసినాడు చూడు" అంది. ఆ పని ఏ పుస్తకంలోనూ లేదు, ఏ అయ్యవారూ నేర్పలేదు. వాళ్ళమ్మ తన మూతి తుడవగా తుడవగా ఆయన చేతికి వచ్చింది. కన్నపేగు లేని మగవాడు తల్లి అయిపోయిన ఆ అర నిమిషం, ఎన్ని సినిమాలు చూసినా నాకు మళ్ళీ దొరకలేదు.

శాస్త్రం ఏమంటుందో కూడా నాలుగు ముక్కలు చెబుతాను, ఓపిక పట్టండి. కడుపులో బిడ్డ వింటాడా అన్నదానికి 1986లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. గర్భిణులు చివరి వారాల్లో రోజూ ఒకే పిల్లల కథ పైకి చదివారు. పుట్టిన రెండు మూడు రోజుల్లోనే ఆ పసికందులు కొత్త కథకంటే కడుపులో విన్న కథకే మొగ్గు చూపారు. అర్థం తెలిసి కాదు, ఆ లయ గుర్తుండి. నారదుడు ఈ సంగతి వింటే మీసం మెలేసేవాడు, ఆయనకు మీసం ఉంటే.

తల్లి సంగతికొస్తే, ఎలకల మీద చేసిన పని ఒకటి నాకు భలే నచ్చింది. 1967లోనే, ఆ సినిమా వచ్చిన ఏడే, రోజెన్‌బ్లాట్ అనే ఆయన అచ్చయిన వ్యాసంలో చూపించాడు. ఈనిన ఎలక వెంటనే పిల్లల్ని చేరదీస్తుంది. ఈనని ఎలక దగ్గర పిల్లల్ని పెడితే మొదట దూరంగా పోతుంది, ఆ వాసనే గిట్టదు. రోజూ అలా పక్కన పెడుతూ ఉంటే సుమారు వారం రోజులకు అదే వచ్చి నాకుతుంది, గూడు కడుతుంది, తప్పిపోయిన పిల్లను నోట కరుచుకుని తెస్తుంది. మగ ఎలకలు కూడా! మరోవైపు హార్లో అనే ఆయన తల్లి లేకుండా పెంచిన ఆడ కోతులు తల్లులయ్యాక తొలిచూలు పిల్లల్ని దగ్గరికి రానీయలేదు, కొన్ని కొట్టాయి కూడా. ఒంట్లో ఊరవలసినవన్నీ ఊరాయి, చేతులకు మాత్రం పని తెలియలేదు. రెండో కాన్పుకు వాటిలో చాలావాటికి తెలిసింది. 2014లో ఇజ్రాయెల్‌లో, తల్లి లేకుండా తామే బిడ్డను సాకుతున్న తండ్రుల మెదళ్ళు చూస్తే, తల్లుల మెదడులో బిడ్డ కోసం వెలిగే చోటే వాళ్ళకీ వెలిగిందట.

ఒంటికి సంబంధం లేదని నేననడం లేదు. పాలు చేపడం ఎంత ఒంటి పనో మీకు తెలుసు. పక్కింటి బిడ్డ ఏడిచినా రవిక తడుస్తుంది. చేపించే ఆ రసాయనం పేరు ఆక్సిటోసిన్. పాలవాళ్ళు దొంగతనంగా గేదెలకు పొడిచే సూది అదే. మా పల్లెలో దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ఎనుము ముందు నిలబెట్టేవాళ్ళు. అది నాకి, నాకి చేపేది. చిన్నప్పుడు దాన్ని చూసి పిచ్చి ఎనుము అని నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రాదు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఆ కాకికి తన గూట్లో పొదిగిన కోకిల పిల్లా ముద్దే. సామెత చేసినవాళ్ళు ఆ సగం చెప్పలేదు.

ఈ ఎలకల కథ నేను మండపంలోనే మా అమ్మాయికి చెప్పాను. కాన్పయిన కొత్తల్లో దిగులు, ఏడుపు చాలామందికి వస్తాయనీ, రెండు వారాలు దాటినా పోకపోతే అది జబ్బు, డాక్టరుకు చూపించుకోవాలి తప్ప సిగ్గుపడకూడదనీ కూడా చెప్పాను. అది వింది. "అంటే ఈనంగనే నాకే ఎలక నువ్వు, వారం తర్వాత నాకే ఎలకను నేను" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

అప్పుడు మా అక్క ప్రసాదం చేతులు తుడుచుకుంటూ, తీరుబడిగా, "ఏడ్చినావు నిజమే. ఎందుకేడ్చినావో అది చెప్పు" అంది నాతో.

నాకేమీ గుర్తు లేదు. ఒట్టు. నాకు గుర్తున్నదల్లా తెల్లటి గుడ్డలో ఎర్రటి ముఖం, నా కళ్ళ నీళ్ళు. అక్క చెప్పింది: "ఆడపిల్ల అని మీ అత్త ముఖం తిప్పుకున్నాది. నువ్వూ గోడ దిక్కు తిరిగి పడుకున్నావు. మూడు దినాలు ఇటు తిరగలేదు. నేను బిడ్డను ఎత్తుకొచ్చి నీ పక్కన పెట్టడం, నువ్వు కళ్ళు మూసుకునే పాలియ్యడం. నీళ్ళు పోసింది నేను, సాంబ్రాణి పట్టింది నేను. నాలుగో దినం బిడ్డకు ఎక్కిళ్ళొస్తే అప్పుడు లేచినావు."

అక్కకు పిల్లలు లేరు. ఆ నెలలో చంటిబిడ్డకు నీళ్ళు పోయడం ఆమెకు కూడా మొదటిసారే.

ఇన్నేళ్ళు నేను ఆ మూడు రోజుల్ని ఎక్కడ దాచాను? కాలం గడవడం వల్ల మరిచిపోయానా? ఆడదాన్ని కావడం వల్లా? ప్రహ్లాదుడు చెప్పిన రెండు కారణాలూ అప్పుడు మళ్ళీ నా ముందుకొచ్చి నిలబడ్డాయి. రెండోదానిమీద నా పోట్లాట ఇంకా పోలేదు. కానీ ఆడదానికి మరిచిపోవడం ఒక బుద్ధిలోపంగా రాదు. అత్త తిప్పుకున్న ముఖం గుర్తుంచుకుని ఆ అత్తకే ముప్పై ఏళ్ళు అన్నం పెట్టడం కష్టం. అందుకు మరిచాను. మరిచిన చోట ఒక మంచి కథ పెట్టుకున్నాను, చూడగానే ఏడ్చానని. ఆ కథనే నా బిడ్డ భయపడి వచ్చిన రోజున దాని ముఖాన కొట్టాను. లీలావతి కొడుకుతో ఒక్కసారి నోరు విప్పి, నాయనా నేను మరవలేదు, మీ నాయనకు భయపడ్డాను అని ఉంటే ఆ పిల్లవాడు అంత ఒంటరిగా అన్ని పరీక్షలు పడేవాడు కాదేమో. ఆ రంగం ఏ నాటకంలోనూ ఎవరూ రాయలేదు.

మా అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎక్కిళ్ళొస్తే లేచినావా మా?" అంది.

"అట్లనే ఉంది" అన్నాను.

"పెద్దమ్మా, అయితే మొదట నాకిన ఎలకవు నువ్వా?"

"నన్ను ఎలకను చేస్తివా!" అని అక్క దాని నెత్తిన మొట్టింది. ఒళ్ళో వాడు ఉలిక్కిపడి లేచి కక్కుకున్నాడు. ముగ్గురం ఒకేసారి కొంగులు తీశాం.

అల్లుడు ఎగువ నుంచి చెమటలు కక్కుకుంటూ దిగొచ్చి, ప్రహ్లాద బడి దగ్గర తీసిన ఫోటోలు చూడండత్తా అని ఫోను చాచాడు. రాతి మీద గీతలున్నాయి, ప్రహ్లాదుడు రాసుకున్నవంటారట. మేం అప్పటికి వాడి చొక్కా మార్చే హడావిడిలో ఉన్నాం, సరిగా చూడలేదు.